పెద్ద మల్టీప్లేయర్ గేమ్‌కి బీటా ఎన్నాళ్లు? లెక్క వేసే పద్ధతి

విశాఖలో రుషికొండలోనో మధురవాడలోనో ఒక ఆఫీసు తీసుకుని పదిహేనుమంది కలిసి ఆన్‌లైన్ గేమ్ చేస్తున్నారనుకోండి. విడుదలకి ఆరేడు నెలల ముందు ఎవరో ఒకరు అడుగుతారు: బీటా, అంటే బయటివాళ్లతో ఆడించి పరీక్షించే దశ, ఎన్ని వారాలు? చాలాచోట్ల జవాబు వెనకనుంచి వస్తుంది. దసరాకి రిలీజ్ అన్నాం, ఆగస్టు నెలాఖరుకి బిల్డ్ (ఆడించగలిగే గేమ్ కాపీ) తేలుతుంది, మధ్యలో మిగిలింది అయిదు వారాలు, అయితే బీటా అయిదు వారాలే. అది బీటాకి పెట్టిన గడువు కాదు, మిగిలిపోయిన టైము.

ముందు జవాబు చెప్పేసి తర్వాత లెక్కలోకి వెళ్దాం. మ్యాచ్‌కి పదిమంది దాకా ఆడే పోటీ గేమ్ అయితే క్లోజ్డ్ బీటా (పిలిచినవాళ్లకే) 10 వారాలు, ఓపెన్ బీటా (ఎవరైనా రావచ్చు) రెండు వారాంతాలు కలిసేలా 11 రోజులు, ఆ తర్వాత విడుదలకి కనీసం 3 వారాల ఖాళీ. మొత్తం దాదాపు 15 వారాలు. మీ గేమ్‌కి ఇది పెరగొచ్చు, తగ్గొచ్చు. ఎందుకు పెరుగుతుందో తెలియకుండా మాత్రం పెంచకండి.

వేరేవాళ్లు ఎన్నాళ్లు నడిపారో చూసి అదే పెట్టుకుందామంటే కుదరదు. వాలరెంట్ క్లోజ్డ్ బీటా 2020 ఏప్రిల్ 7న మొదలై మే 28న ముగిసింది, జూన్ 2న గేమ్ వచ్చేసింది. అంటే ఏడు వారాల పైచిలుకు. బ్రాల్ స్టార్స్‌ని 2017 జూన్‌లో కెనడాలో వదిలి, ప్రపంచమంతటికీ 2018 డిసెంబరులో ఇచ్చారు. ఏడాదిన్నర. ఎస్కేప్ ఫ్రమ్ టార్కోవ్ 2017లో బీటాకి వచ్చి 2025 నవంబరులో గానీ 1.0 అనిపించుకోలేదు. మొదటివాళ్లకి సర్వర్, గురి, మ్యాచ్‌మేకింగ్ (ఎవరికి ఎవరితో ఆట అని జత కుదర్చడం) తేలితే చాలు. రెండోవాళ్లకి గేమ్ ఏ రూపంలో ఉంటే జనం అంటిపెట్టుకుని ఉంటారో తేలాలి. మూడోవాళ్లు బీటా పేరుమీదే అమ్ముకుంటూ గేమ్ కట్టుకున్నారు. ఒక్కొక్కరు అడిగిన ప్రశ్న వేరు, అందుకే పట్టిన కాలమూ వేరు.

మొదటి పని: ఒక కాగితం మీద ప్రశ్నలు రాయండి

"గేమ్ బాగుందా" అన్నది ప్రశ్న కాదు. జవాబు అంకెలో వచ్చేదే ప్రశ్న. ఒక్కో ప్రశ్నకి జవాబు రావడానికి ఎంత కాలం పడుతుందో పక్కనే రాయండి.

ఒకేసారి యాభై వేలమంది లాగిన్ అయితే సర్వర్ నిలబడుతుందా? దీనికి రెండు గంటలు చాలు, రోజులు అక్కర్లేదు. సర్వర్ వారం రోజులు రీస్టార్ట్ లేకుండా నడుస్తుందా? దీనికి సరిగ్గా వారం పడుతుంది, ఎంతమంది టెస్టర్లు ఉన్నా తగ్గదు. వెయ్యి మ్యాచ్‌లకి ఒకసారి వచ్చే క్రాష్ దొరుకుతుందా? దీన్ని రోజుల్లో కాదు, మ్యాచ్‌ల్లో లెక్కపెట్టాలి. ఆటగాడి స్థాయి తేలి సమానులతో జత కుదురుతోందా? ఒక్కో మనిషి ఆడే మ్యాచ్‌ల సంఖ్య మీద ఉంటుంది. గేమ్‌లో నాణేలు, వస్తువులు నెల తిరిగేసరికి విలువ పోగొట్టుకుంటాయా? దీనికి నెల కావాలి, దగ్గర దారి లేదు.

ఇందులో కొన్ని ఒకేసారి నడుస్తాయి, కొన్ని ఒకదానికొకటి అడ్డం. నాణేల లెక్క చూడాలంటే నెల రోజులు ఖాతాలు తుడవకూడదు, అంటే ఆటగాళ్లు పోగేసుకున్నది సున్నా చేయకూడదు. కొత్త రేటింగ్ (ఆటగాడి స్థాయిని అంకెలో చెప్పే) పద్ధతి పెట్టాలంటే తుడవాలి. అలాంటి రెండింటి కాలం కలుపుకోండి, పక్కపక్కన నడిచేవాటిలో నెమ్మదిదాన్ని తీసుకోండి. బీటా వ్యవధి అంటే ఇదే.

రెండో పని: మ్యాచ్‌ల లెక్క

ఎక్కువమంది తప్పేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

గణాంకాల్లో ఒక పాత సూత్రం ఉంది. ఏదైనా లోపం వెయ్యికి ఒకసారి కంటే తక్కువ వస్తుందని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే, అది ఒక్కసారి కూడా రాకుండా 3,000 మ్యాచ్‌లు నడవాలి. అంటే మూడు రెట్లు. పదివేలకి ఒకటి అనాలంటే 30,000.

ఇప్పుడు మీ టెస్టర్లని లెక్కపెట్టండి. రోజూ నిజంగా ఆడేవాళ్లు 500 మంది, ఒక్కొక్కరు మూడు మ్యాచ్‌లు, మ్యాచ్‌కి పదిమంది. 500ని మూడుతో గుణించి పదితో భాగిస్తే రోజుకి 150 మ్యాచ్‌లు. 3,000కి 20 రోజులు. లోపం దొరికి సరిచేశాక, సరిచేసిందో లేదో చూడ్డానికి లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు, ఇంకో 20 రోజులు. అదే రోజూ ఆడేవాళ్లు 2,000 అయితే అయిదు రోజుల్లో అయిపోతుంది. టెస్టర్లని పెంచితే వారాలు తగ్గుతాయని అనేది ఈ లెక్కని బట్టే. కానీ పైన చెప్పిన వారం, నెల పట్టే ప్రశ్నలకి ఇది వర్తించదు.

బ్యాటిల్ రాయల్ (అందరూ దిగి చివరికి మిగిలినవాడు గెలిచే ఆట) చేసేవాళ్లు జాగ్రత్త. మ్యాచ్‌కి వందమంది అయితే అదే 500 మందితో రోజుకి 15 మ్యాచ్‌లే నడుస్తాయి. 3,000కి 200 రోజులు. ఆ బీటా ఎవరూ నడపలేరు. అప్పుడు దారులు రెండు. ఒకటి, లాబీలో (మ్యాచ్‌కి ముందు ఆటగాళ్లు చేరే చోటు) సగం బాట్లతో, అంటే మనుషుల బదులు ఆడే ప్రోగ్రాములతో నింపి, సర్వర్ వైపు లోపాల కోసం మ్యాచ్‌లని విడిగా రాత్రంతా నడిపించడం. రెండు, ఆట వేళలు పెట్టడం. రోజంతా తెరిచి ఉంచితే వందమంది ఒకేసారి దొరకరు. రాత్రి 8:30 నుంచి 10:30 దాకా మాత్రమే సర్వర్ తెరిస్తే లాబీలు నిండుతాయి, పైగా మీ ఇంజనీర్లు ఆ రెండు గంటలు స్క్రీన్ ముందు ఉంటే చాలు.

రేటింగ్‌కీ ఇలాంటి లెక్కే ఉంది. మైక్రోసాఫ్ట్ ట్రూస్కిల్ పద్ధతిలో నలుగురేసి రెండు జట్లుగా ఆడే గేమ్‌లో ఒక మనిషి స్థాయి తేలడానికి 46 మ్యాచ్‌లు, ఎనిమిదేసి మంది అయితే 91 మ్యాచ్‌లు అని ఆ సంస్థే ప్రకటించింది. రోజుకి మూడు ఆడేవాడికి 46 అంటే పదహారు రోజులు, 91 అంటే నెల. బీటా రెండు వారాలే పెట్టి "మ్యాచ్‌మేకింగ్ అన్యాయంగా ఉంది" అన్న ఫిర్యాదులు చదువుతూ కూర్చుంటే లాభం లేదు, ఆ పద్ధతి ఇంకా లెక్క వేసుకుంటూనే ఉంది.

ఒక హెచ్చరిక. "రోజూ ఆడేవాళ్లు" అంటే మీరు ఆహ్వానం పంపినవాళ్లు కాదు. పదిమందిని పిలిస్తే మూడో వారానికి రోజూ వచ్చేది ఇద్దరు ముగ్గురే అనుకుని ప్లాన్ వేసుకోండి. 1,000 మంది కావాలంటే 4,000 మందిని చేర్చుకోవాలి. అందరినీ మొదటిరోజే లోపలికి వదలకండి, అందరూ ఒకేసారి చల్లబడిపోతారు.

మూడో పని: టెస్టర్లు ఎక్కడ, ఏ ఫోన్‌తో, ఏ నెట్‌తో

ఆఫీసులో ఫైబర్ లైను, ఏసీ గది, కొత్త ఫోన్లు. అక్కడ అంతా బాగానే ఉంటుంది. గాజువాకలో మూడో అంతస్తు అద్దె ఇంట్లో, 4 జీబీ ర్యామ్ ఫోన్‌తో, రౌటర్‌కి రెండు గోడల అవతల కూర్చుని ఆడేవాడి దగ్గర అసలు సంగతి తెలుస్తుంది. మొదటి 300 మందిలో సగం అలాంటివాళ్లే ఉండేలా చూసుకోండి. అనకాపల్లి, భీమిలి, పెందుర్తి, ఉక్కునగరం, ఒక్కోచోట నుంచి కొందరు. గేమ్ దేశమంతటిదైతే ఈశాన్య రాష్ట్రాల నుంచీ, ఢిల్లీ నుంచీ కూడా.

పింగ్ (సర్వర్‌కి సంకేతం పోయిరావడానికి పట్టే సమయం, మిల్లీసెకన్లలో) విషయంలో దూరం మీద నేరం మోపే ముందు ఒక లెక్క చూసుకోండి. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకి సుమారు 200 కిలోమీటర్లు పోతుంది, కాబట్టి పోయిరావడానికి ప్రతి 100 కిలోమీటర్లకి ఒక మిల్లీసెకను. విశాఖ నుంచి ముంబై గాలిమార్గాన దాదాపు 1,100 కిలోమీటర్లు, అంటే 11. హైదరాబాద్ దాదాపు 500, అంటే 5. రెండుచోట్లా అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు ఉన్నాయి. ముంబై సర్వర్‌కి మీ టెస్టర్ పింగ్ 35 చూపిస్తే దూరం వాటా మూడో వంతే. మిగతాది నెట్ కంపెనీ దారి మళ్లింపు, ఇంట్లో వైఫై, టవర్ రద్దీ. హైదరాబాద్‌కి మార్చినంత మాత్రాన అందరికీ తగ్గుతుందని అనుకోకండి, కొన్ని కంపెనీల ట్రాఫిక్ ముందు చెన్నైకో ముంబైకో వెళ్లి తిరిగి వస్తుంది. రెండు చోట్లకీ వారం పాటు పింగ్ కొలిచి, నెట్ కంపెనీ వారీగా విడగొట్టి, అప్పుడు నిర్ణయించండి.

ఫోన్ వేడి ఇంకో సంగతి. మే నెలలో ఏసీ లేని గదిలో, చార్జర్ పెట్టి, వరసగా మూడు మ్యాచ్‌లు ఆడించండి. మొదటి మ్యాచ్‌లో సెకనుకి 60 ఉన్న ఫ్రేమ్‌లు (తెర మీద మారే బొమ్మలు) మూడోదానికి ఎంతకి దిగాయో రాసుకోండి. ఒక్క మ్యాచ్ ఆడి ఆపేస్తే ఫోన్ వేగం తగ్గించుకునేదాకా రాదు, లోపం కనపడదు.

వయసు కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివాళ్లందరూ పిల్లలే, వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల నుంచి నిర్ధారించదగిన అనుమతి కావాలి. క్లోజ్డ్ బీటాని 18 దాటినవాళ్లకే పరిమితం చేస్తే ఈ తలనొప్పి ఉండదు.

స్టోర్ల నియమాలు కూడా మీ క్యాలెండర్‌ని నిర్ణయిస్తాయి. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత గూగుల్ ప్లే ఖాతా అయితే కనీసం 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్ నడిపాకే విడుదలకి దరఖాస్తు. యాపిల్ ఫోన్లకి టెస్ట్ బిల్డ్‌లు పంపే టెస్ట్‌ఫ్లైట్‌లో బయటి టెస్టర్లు 10,000 దాకా, ఒక్కో బిల్డ్ 90 రోజులకి చెల్లిపోతుంది. పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్ స్టోర్‌లో ప్లేటెస్ట్ సౌకర్యం వాడితే అసలు గేమ్ పేజీ మీద రివ్యూలు పడవు, పీసీ గేమ్‌లకి అదే మేలు.

నాలుగో పని: పది వారాలని ముక్కలు చేయండి

మొదటి రెండు వారాలు 300 మంది. ఇన్‌స్టాల్ అవుతోందా, లాగిన్ అవుతోందా, మ్యాచ్ పూర్తవుతోందా, ఇంతే. తర్వాత రెండేసి వారాల మూడు విడతలు: 1,500 మందితో ఒకటి, 4,000 మందితో రెండు. చివరి రెండు వారాల్లో కొత్తది ఏదీ చేర్చకూడదు, సరిచేయడం మాత్రమే. పైన వేసుకున్న 3,000 శుభ్రమైన మ్యాచ్‌లు ఈ రెండు వారాల్లోనే పూర్తవ్వాలి. రోజూ 1,000 మంది ఆడితే రోజుకి 300 మ్యాచ్‌లు, పది రోజులు. నాలుగు రోజులు చేతిలో ఉంటాయి.

ప్రతి విడతలో ప్యాచ్ (సరిచేసిన కోడ్) మంగళవారం ఉదయం 11కి. శుక్రవారం సాయంత్రం ప్యాచ్ వదిలితే శనివారం మీకు ఉండదు. సోమవారం వదిలితే వారాంతం నివేదికలు చదవడానికి టైము లేదు.

నివేదికల విషయం. వాట్సాప్ గ్రూపు పెడితే "బ్రో లాగ్ వస్తోంది" అన్న మెసేజ్‌లు రోజుకి రెండొందలు వస్తాయి. అందులో పనికొచ్చేది దాదాపు ఏమీ ఉండదు, ఎందుకంటే మనవాళ్లు లాగ్ అనే మాటని మూడు వేరువేరు జబ్బులకి వాడతారు. గేమ్‌లోనే ఒక బటన్ పెట్టి మూడు ప్రశ్నలు అడగండి: బొమ్మ ఆగి ఆగి కదిలిందా? గుండు తగిలినట్టు కనపడినా లెక్కలోకి రాలేదా? ముందుకు వెళ్లాక మళ్లీ వెనక్కి లాగేసిందా? మొదటిది ఫోన్ గేమ్ బరువు మోయలేకపోవడం, రెండోది పింగ్ లేదా ఆలస్యాన్ని సర్దడానికి సర్వర్ వెనక్కి చూసే లెక్క, మూడోది ప్యాకెట్లు (నెట్‌లో వెళ్లే డేటా ముక్కలు) పోవడం. బటన్ నొక్కగానే బిల్డ్ నంబరు, మ్యాచ్ ఐడీ, టైము, ఫోన్ మోడల్, వైఫైనా సిమ్మా అన్నవి వాటంతటవే చేరాలి. మనిషిని టైపు చేయమంటే చేయడు. వాట్సాప్ గ్రూపు కబుర్లకి ఉంచుకోండి, జనాన్ని పట్టి ఉంచేది అదే.

అయిదో పని: ఒక సర్వర్‌ని ముట్టుకోకుండా వదిలేయండి

బీటాలో మంగళవారం ప్యాచ్‌కి తోడు మధ్యమధ్యలో చిన్న ప్యాచ్‌లు కూడా పడుతుంటాయి, ప్యాచ్ పడినప్పుడల్లా సర్వర్ రీస్టార్ట్ అవుతుంది. దాంతో నిదానంగా పెరిగే జబ్బులు బీటా అంతా దాక్కుని, విడుదలయ్యాక నాలుగో రోజు బయటపడతాయి. జబ్బు ఎలా ఉంటుందో రెండు ఉదాహరణలు.

మెమరీ లీకు, అంటే వాడిన మెమరీని తిరిగి వదలకపోవడం. గంటకి 40 ఎంబీ చొప్పున కారుతోందనుకోండి. మెషీన్‌లో 4 జీబీ ఖాళీ ఉంటే దాదాపు 100 గంటలకి నిండి పడిపోతుంది. రోజూ రీస్టార్ట్ చేసేవాడికి అది ఎన్నటికీ కనపడదు.

రెండోది ఇంకా చిత్రం. సర్వర్ మొదలైనప్పటి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో 32 బిట్ల దశాంశ అంకెలో పెట్టి, ప్రతి టిక్‌కీ (సర్వర్ ఆటని ఒకసారి లెక్కవేసే క్షణం) కొంచెం కొంచెం కలుపుతూ పోయే కోడ్ కొన్ని గేమ్‌లలో కనిపిస్తుంది. ఆ అంకె 2,62,144 సెకన్లు దాటాక, అంటే మూడు రోజుల పైన, అది పట్టుకోగల కనీస అడుగు 0.03125 సెకను. మీ సర్వర్ సెకనుకి 60 టిక్‌లది అయితే ఒక్కో టిక్‌కి కలపాల్సింది 0.0167. అది సగం అడుగు కంటే కాస్త ఎక్కువ, కాబట్టి పూర్తి అడుగుగా గుండ్రం అవుతుంది. గడియారం దాదాపు రెట్టింపు వేగంతో పరిగెత్తడం మొదలుపెడుతుంది. అయిదు సెకన్లకి పేలాల్సిన బాంబు మూడు సెకన్లు నిండకముందే పేలుతుంది. అదే 64 టిక్‌ల సర్వర్ అయితే సరిగ్గా సగం అడుగు, అప్పుడు గడియారం అక్కడే ఆగిపోవచ్చు. మందు సులువే: టిక్‌లని పూర్ణాంకంగా లెక్కపెట్టండి, లేదా 64 బిట్ల అంకె వాడండి. కానీ నాలుగు రోజులు నిలబడిన సర్వర్ లేకపోతే ఆ జబ్బు ఉందని తెలిసే దారే లేదు.

కాబట్టి క్లోజ్డ్ బీటా మధ్యలో ఒక వారం ఎంచుకుని, ఒకటి రెండు సర్వర్లకి ప్యాచ్ వేయకుండా 168 గంటలు వదిలేయండి. పగలు మనుషులు, రాత్రి బాట్లు. గంటకోసారి మెమరీ, టిక్ నిడివి, తెరిచి ఉన్న కనెక్షన్ల సంఖ్య రాసుకునే స్క్రిప్టు పెట్టండి. గీత నిలువునా లేవకపోయినా, ఏటవాలుగా పైకి పోతోందంటే లీకు ఉన్నట్టే.

ఆరో పని: నెట్ పోయి వచ్చినప్పుడు ఏమవుతుంది

మన దగ్గర సాయంత్రం కరెంటు పోతే రౌటర్ ఆరిపోతుంది, ఫోన్ సిమ్ నెట్ మీదకి మారుతుంది. మారగానే ఐపీ అడ్రసు మారుతుంది. అడ్రసుని బట్టి ఆటగాడిని గుర్తుపట్టే సర్వర్ వాడిని కొత్తవాడనుకుని బయటికి నెడుతుంది. లాగిన్‌లో ఇచ్చిన టోకెన్‌ని, అంటే గుర్తింపు కోడ్‌ని, బట్టి గుర్తుపడితే రెండు సెకన్లలో ఆటలోకి తిరిగి వస్తాడు. ఇది చూడ్డానికి ఇంట్లో రౌటర్ స్విచ్ ఆపితే చాలు, కరెంటు పోయేదాకా ఎదురుచూడక్కర్లేదు.

దీనికంటే మంచి పరీక్ష విశాఖవాళ్లకి చేతిలో ఉంది, అరకు రైలు. పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కండి. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది, అరకు చేరేలోపు యాభైకి పైగా సొరంగాలు. ఫోన్‌లో మ్యాచ్ తెరిచి పెట్టుకుంటే చిన్న సొరంగంలో కొద్ది సెకన్లు, పెద్దదాంట్లో ఇంకొంచెం, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి ప్రాంతాల్లో సిగ్నల్ అసలు లేక నిమిషాలకి నిమిషాలు తెగిపోతుంది. ల్యాబ్‌లో ప్యాకెట్లు పోగొట్టే సాఫ్ట్‌వేర్ చక్కగా, సమానంగా పోగొడుతుంది. కొండ అలా చేయదు. సగం సిగ్నల్, టవర్ మార్పిడి, ఉన్నట్టే ఉండి డేటా కదలకపోవడం, అన్నీ ఒకే ప్రయాణంలో. నలుగురు నాలుగు కంపెనీల సిమ్‌లతో వెళ్లి, ప్రతిసారీ మూడు అంకెలు రాసుకోవాలి: ఎన్ని సెకన్లు తెగింది, తిరిగి కలవడానికి ఎంత పట్టింది, కలిశాక ఆట సరైన స్థితిలో ఉందా. 30 సెకన్ల లోపు తెగిన ప్రతి వందలో 95 సార్లు ఆటలోకి తిరిగి రావాలి. 90 సెకన్లు దాటితే గౌరవంగా లాబీకి పంపి, ఓటమి కింద రాయకుండా వదిలేయడం నా లెక్కలో సబబు. టిఫిన్ బాక్సు మరిచిపోకండి, బొర్రా దాకా తినడానికి పెద్దగా ఏమీ దొరకదు.

ఏడో పని: నాణేలు, దొంగ ఆటలు

గేమ్‌లో డబ్బు ఉంటే ప్రతి రాత్రి ఒక లెక్క తీయండి: ఈరోజు ఎన్ని నాణేలు పుట్టాయి, ఎన్ని ఖర్చయ్యాయి. నాలుగు వారాలు తుడవకుండా చూస్తే ధోరణి తెలుస్తుంది. గీత ఒక్కరాత్రిలో ఎగిరితే ఎక్కడో వస్తువు రెట్టింపవుతోంది. తరచు కనిపించే కారణం నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు "కొను" బటన్ రెండుసార్లు నొక్కడం. ఒక్కో కొనుగోలుకి ఫోన్ వైపు నుంచే ఒక నంబరు ఇచ్చి, అదే నంబరు రెండోసారి వస్తే సర్వర్ పట్టించుకోకుండా ఉంటే సరిపోతుంది.

హ్యాకులు (దొంగగా గెలిపించే ప్రోగ్రాములు) చిన్న క్లోజ్డ్ బీటాలో పెద్దగా రావు, గిరాకీ లేనిచోట దుకాణం పెట్టరు. ఓపెన్ బీటాలో రెండో మూడో రోజు వస్తాయి. దొరికినవాడిని దొరికినట్టే ఆటలోంచి పంపేస్తే దేనివల్ల దొరికాడో హ్యాక్ అమ్మేవాడికి తెలిసిపోతుంది. కొద్ది రోజులు పోగేసి ఒకేసారి పంపండి.

ఎనిమిదో పని: తేదీలు

ఆంధ్రలో ఆటగాళ్లలో చాలామంది విద్యార్థులు. ఫిబ్రవరి చివరి నుంచి మార్చి దాకా ఇంటర్ పరీక్షలు, తర్వాత మే నెలాఖరు దాకా ఐపీఎల్. రాత్రి 7:30కి మ్యాచ్ మొదలైతే మీ రద్దీ గంటలు ఖాళీ. సంక్రాంతి మూడు రోజులూ జనం ఊళ్లలో ఉంటారు, నెట్ వేరు, ఆడే వేళలు వేరు. ఆ మూడు రోజుల అంకెలని మామూలు అంకెలతో కలపకండి. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు.

ఈ లెక్కన క్లోజ్డ్ బీటా జూన్ మూడో వారంలో మొదలుపెట్టి ఆగస్టు చివరికి ముగించడం, వెంటనే ఓపెన్ బీటా, అక్టోబరు మొదట్లో విడుదల అన్నది మన ఊరికి కుదిరే క్యాలెండరు. విడుదల తుపానుల కాలంలో పడుతుంది కాబట్టి సర్వర్ తాళాలు ఉన్నవాళ్లలో కనీసం ఇద్దరు ఆ నెల హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండాలి.

తొమ్మిదో పని: ఓపెన్ బీటా

ఓపెన్ బీటాకి ఉన్న ప్రశ్న ఒక్కటే, ఒకేసారి జనం మీద పడితే ఏమవుతుంది. 2016 మేలో ఓవర్‌వాచ్ ఓపెన్ బీటా కొద్ది రోజులే నడిచింది, 97 లక్షలమంది ఆడారు. కావలసింది జనం, వారాలు కాదు.

గురువారం సాయంత్రం 4కి తెరవండి. ఆ రాత్రికి వచ్చేది కొంతమందే, విరిగేది విరుగుతుంది, శుక్రవారం పగలు సరిచేయడానికి ఉంటుంది, శని ఆదివారాల్లో అసలు రద్దీ. తర్వాతి ఆదివారం రాత్రి 11కి మూయండి. మొదటి వారాంతం విరగ్గొట్టడానికి, రెండోది సరిచేసింది నిలబడిందో చూడ్డానికి. ఒక్క వారాంతం పెడితే సగం పనే. డయాబ్లో 3 విడుదలకి ముందు 2012 ఏప్రిల్‌లో ఓపెన్ బీటా వారాంతం నడిపారు. అయినా మే 15న లక్షలమంది ఎర్రర్ 37 (సర్వర్లు ఖాళీ లేవన్న సందేశం) దగ్గర ఆగిపోయారు.

లాగిన్ తుపాను ఎలా పుడుతుందో చూడండి. తలుపు తెరిచే క్షణానికి 60,000 మంది బయట ఉన్నారు. మీ లాగిన్ సర్వర్ సెకనుకి 400 మందిని తీసుకోగలదు. వరసలో నిలబెడితే 150 సెకన్లలో, అంటే రెండున్నర నిమిషాల్లో అందరూ లోపల ఉంటారు. వరస లేకుండా, దొరకనివాడు ప్రతి అయిదు సెకన్లకీ మళ్లీ తలుపు కొట్టేలా గేమ్ రాస్తే సెకనుకి 12,000 అభ్యర్థనలు. సర్వర్ వాటికి "కాదు" చెప్పడానికే అలిసిపోయి ఆ 400 మందిని కూడా తీసుకోలేదు. అప్పుడు మెషీన్లు రెట్టింపు చేసినా తేలదు. ముందు వరస పెట్టి, వాడి నంబరు ఎంతో తెర మీద చూపించండి. తర్వాత ప్రతి విఫల ప్రయత్నానికీ ఆగే సమయాన్ని రెట్టింపు చేస్తూ పోండి, 5, 10, 20, 40 సెకన్లు. ఆ అంకెకి ఒక్కో ఫోన్‌లో కొంచెం అటూఇటూ కలపండి, లేకపోతే అందరూ కలిసి ఆగి కలిసే మళ్లీ కొడతారు. ఓపెన్ బీటాకి వారం ముందు బాట్లతో మీరు ఊహించిన జనానికి మూడింతలు నడిపి చూడండి.

పదో పని: ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు పొడిగించాలి

ఆపే షరతులు బీటా మొదలవకముందే రాసి గోడకి అంటించాలి. ఈ అంకెలతో మొదలుపెట్టవచ్చు: క్రాష్ లేని సెషన్లు 99.5 శాతం, రద్దీ గంటల్లో పదిమందిలో తొమ్మిదిమందికి 60 సెకన్లలోపు మ్యాచ్, ఆట ఆగిపోయే స్థాయి లోపం చివరి పది రోజుల్లో ఒక్కటీ కొత్తది రాకపోవడం, 168 గంటల సర్వర్ పరీక్ష ఒకసారైనా పూర్తికావడం.

అందకపోతే రెండు వారాలు పొడిగించండి, వారం కాదు. వారంలో సరిచేయడం అవుతుంది, పరీక్షించడం అవదు. రెండోసారి కూడా పొడిగించాల్సి వస్తే సమస్య బీటాలో లేదు, బిల్డ్ ఇంకా ఆల్ఫాలో (బీటాకి ముందు దశలో) ఉన్నట్టు. మూసేసి, సరిచేసి, కొత్త టెస్టర్లతో మళ్లీ రండి. పాతవాళ్లు ఈసరికి లోపాలకి అలవాటుపడి ఉంటారు, పక్కకి తప్పుకుని ఆడేస్తారు, చెప్పరు.

మూసే రోజు చేయాల్సినవి: ఖాతాలు తుడుస్తున్నామా లేదా అన్నది పది రోజుల ముందే గేమ్ తెర మీద తెలుగులో, ఇంగ్లీషులో చెప్పాలి. బీటాలో డబ్బు తీసుకుని ఉంటే ప్రతి రూపాయీ వాపసు గానీ, విడుదల ఖాతాకి బదిలీ గానీ అయినట్టు జాబితాలో టిక్కు పెట్టుకోవాలి. తర్వాత మూడు వారాల ఖాళీలో మొదటి వారం సరిచేయడానికి, రెండోది విడుదల బిల్డ్‌ని మళ్లీ 168 గంటలు నిలబెట్టడానికి, మూడోది స్టోర్ పరిశీలనకి. స్టోర్ ఒకసారి తిప్పి పంపితే ఆ మూడో వారం కూడా అయిపోతుంది, అందుకే ప్రకటనలో తేదీ వేసేది అనుమతి చేతికొచ్చాకే.